వీడియోలో ఫేస్ కనపడట్లేదా? రింగ్ లైట్ కొనే ముందు ఇది చూడండి

పోయిన ఎపిసోడ్‌లో మైక్ గురించి మాట్లాడుకున్నాం కదా. నెక్స్ట్ లైటింగ్ చెయ్యి బ్రో అని చాలా మంది అడిగారు. చేద్దాంలే, చేద్దాంలే అని నేనే వాయిదా వేస్తూ వచ్చా. ఈలోపు మా చెల్లి, అంటే మా పిన్ని కూతురు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టింది. అది చదివాక ఇక వాయిదా వెయ్యబుద్ధి కాలేదు.

మా చెల్లి తెనాలిలో ఉంటుంది. ఇంట్లోనే ముందు గదిలో వైట్ బోర్డు పెట్టుకుని పదో తరగతి పిల్లలకి మ్యాథ్స్ ట్యూషన్ చెప్తుంది. పిల్లలు వెళ్ళిపోయాక, రాత్రి తొమ్మిదింటికి అదే బోర్డు ముందు నిలబడి, ఫోన్‌లో రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెడుతుంది. బాగా చెప్తుంది. నాకు ఇప్పటికీ త్రికోణమితి అంటే భయం, తన వీడియో చూస్తే కాస్త ధైర్యం వచ్చింది, అంత బాగా చెప్తుంది. మెసేజ్ ఏంటంటే: "అన్నయ్యా, మంచి రింగ్ లైట్ లింక్ ఉంటే పెట్టవా. రెండు వేలైనా పర్లేదు. నేను నలుపు కదా, నాకు లైట్ ఎక్కువ కావాలంట."

కావాలంట! ఎవరన్నారు అంటే, కామెంట్లలో ఎవరో అన్నారట. అంతకుముందు కొన్నాళ్ళు బ్యూటీ ఫిల్టర్ పెట్టుకుని వీడియోలు చేసింది. ఆ వీడియోలు తీసి చూశా. మొహం తెల్లగా, మైదా పిండి పూసినట్టుంది, చేతులేమో మామూలు రంగులో ఉన్నాయి. ట్యూషన్‌కి వచ్చే పిల్లలు నవ్వారట, దాంతో ఫిల్టర్ తీసేసింది. తీసేస్తే మొహం కనపడట్లేదు. ఇదీ సంగతి.

నేను లింక్ పెట్టలేదు. ఆ శనివారం రైలెక్కి తెనాలి వెళ్ళా. అక్కడ మేం చేసిందే ఈ ఎపిసోడ్. మొత్తం ఖర్చు 770 రూపాయలు, రైలు టికెట్ కాకుండా.

ముందు అసలు జబ్బు ఏంటో చూద్దాం. తను రోజూ నిలబడే చోటే నన్ను నిలబెట్టి, అదే ఫోన్‌తో ఒక నిమిషం రికార్డ్ చెయ్యమన్నా. నేను తనకంటే రెండు మూడు షేడ్లు తెలుపు. స్క్రీన్ మీద చూస్తున్నారు కదా (చదివేవాళ్ళ కోసం చెప్తున్నా: బోర్డు తళతళలాడుతోంది, నా మొహం బొగ్గులా ఉంది). నా మొహం కూడా కనపడట్లేదు. చెల్లి అది చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి నేనేనా కారణం అనుకున్నా ఇన్నాళ్ళు" అంది.

కారణం వైట్ బోర్డు. ఎలా అంటే, ఫోన్ కెమెరాకి మీరెవరో తెలీదు, అక్కడున్నది బోర్డో గోడో తెలీదు. ఫ్రేమ్‌లో వెలుగు మొత్తం కలిపి లెక్క చూసుకుంటుంది, ఆ యావరేజ్ మరీ తెలుపూ కాకుండా మరీ నలుపూ కాకుండా మధ్యలో ఉండేలా ఎక్స్‌పోజర్ సర్దుతుంది. ఫ్రేమ్‌లో ముప్పావు వంతు తెల్ల బోర్డు ఉందనుకోండి, "అమ్మో, వెలుగు ఎక్కువైపోయింది" అనుకుని మొత్తం తగ్గించేస్తుంది. బోర్డు బూడిద రంగులోకి వస్తుంది, దాంతో పాటు మీ మొహం గోతిలోకి పోతుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చుని వీడియో కాల్ మాట్లాడేవాళ్ళకి జరిగేది కూడా ఇదే.

ఇప్పుడు ఫోన్లలో ఫేస్ డిటెక్షన్ ఉంటుంది కదా బ్రో అంటారు. ఉంటుంది. కానీ టీచర్ ఏం చేస్తుంది? బోర్డు వైపు తిరిగి రాస్తుంది. ఫేస్ పోయింది, కెమెరా మళ్ళీ బోర్డుని చూసుకుని వెలుగు తగ్గిస్తుంది. ఇటు తిరిగింది, పెంచుతుంది. అటు తిరిగితే తగ్గు, ఇటు తిరిగితే పెరుగు. చెల్లి పాత వీడియోల్లో పది నిమిషాలూ ఇదే గోల.

దీనికి మందు ఫ్రీ. ఫోన్ స్క్రీన్ మీద మీ మొహం ఉన్న చోట వేలితో నొక్కి అలాగే పట్టుకోండి. చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అయిపోతాయి, పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని పైకీ కిందకీ జరుపుకోవచ్చు. ఒక్కరే షూట్ చేసుకునేవాళ్ళు మీ చోట ఎవరినైనా నిలబెట్టి లాక్ చేయించుకోండి. మేం పిన్నిని నిలబెట్టాం. "నన్ను తియ్యట్లేదు కదా, జుట్టు దువ్వుకోలేదు" అని ఒకటే గొడవ.

నలుపు, తెలుపు అన్న మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం చెప్పి ముందుకు వెళ్తా. ఫిల్మ్ రోజుల్లో కొడాక్ కంపెనీ ఫోటో ల్యాబ్‌లకి ఒక రిఫరెన్స్ ఫోటో పంపేది. షర్లీ కార్డ్ అనేవాళ్ళు. అందులో ఉండేది ఒక తెల్లమ్మాయి. ఆ అమ్మాయి చర్మం రంగు కరెక్ట్‌గా వస్తే ప్రింట్ కరెక్ట్ అని లెక్క. మిగతా ప్రపంచం ఎలా పడినా వాళ్ళ ఖర్మ అన్నమాట. అంత ఆలస్యంగా, 2021లో పిక్సెల్ 6 ఫోన్‌తో పాటు గూగుల్ వాళ్ళు రియల్ టోన్ అని తెచ్చి, అన్ని రంగుల చర్మాలనీ ఉన్నది ఉన్నట్టు చూపించడం గురించి గట్టిగా చెప్పుకున్నారు. అంటే కెమెరా తయారుచేసినవాళ్ళే ఒప్పుకున్న లోపం ఇది. చెల్లికి ఇది చెప్తే "ఆ కామెంట్ పెట్టినాయనకి లింక్ పెట్టు" అంది.

సరే, లాక్ చేశాం. మొహం కనపడుతోంది, కానీ గరగరలాడుతోంది. ఎందుకంటే గదిలో వెలుగు నిజంగానే తక్కువ. మనం అనుకుంటాం గానీ, ట్యూబ్ లైట్ వేసిన గదిలో రాత్రిపూట ఓ 100, 200 లక్స్ ఉంటుందంతే. అదే పగలు, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన కూర్చుంటే వెయ్యీ, రెండు వేల లక్స్ ఉంటుంది. బయట మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష. మన కన్ను ఈ తేడాని సర్దేసుకుంటుంది కాబట్టి తెలీదు. ఫోన్‌లో సెన్సర్ చిటికెన వేలి గోరంత కూడా ఉండదు చాలా వాటిల్లో. వెలుగు సరిపోకపోతే ఉన్న కాస్త సిగ్నల్‌నే పెంచుతుంది, పెంచితే నాయిస్ వస్తుంది, ఆ నాయిస్ తుడవబోయి చర్మాన్ని మైనంలా చేసేస్తుంది. దాని మీద యూట్యూబ్ కంప్రెషన్ ఇంకోసారి తొక్కుతుంది.

అందుకే పగలు షూట్ చేసుకునే వీలున్నవాళ్ళు ఒక్క రూపాయి ఖర్చుపెట్టొద్దు. కిటికీని వీపు వెనక నుంచి మీ పక్కకి, కొంచెం ముందుకి తెచ్చుకోండి. ఎండ నేరుగా పడుతుంటే తెల్ల పంచె అడ్డం కట్టండి. అయిపోయింది, మీరు ఈ వీడియో ఆపేసి వెళ్ళిపోవచ్చు.

మా చెల్లికి కుదరదు. పొద్దున ఇంకో చోట ఉద్యోగం, సాయంత్రం ట్యూషన్. తనకున్నది రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర. చాలా మందికి అంతే కదా.

ఇప్పుడు రింగ్ లైట్ సంగతి. నేను కొన్నా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉండగా, వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో, రెండు వేల చిల్లర పెట్టి. కళ్ళజోడులో రెండు గుండ్రటి చక్రాలు, మొహం అప్పడంలా చదునుగా. మేనేజర్ "యూ లుక్ స్కేర్డ్" అన్నాడు. రింగ్ లైట్ పనికిరానిదని కాదు. మేకప్ వీడియోలకి, మెహందీకి, దగ్గరగా చేతులు చూపించేవాటికి బాగుంటుంది. కెమెరా చుట్టూ ఉంటుంది కాబట్టి నీడలు పడవు. కానీ నీడలు లేకపోతే మొహానికి ముక్కూ చెంపా తెలీవు. పైగా బోర్డుకి ఎదురుగా పెడితే బోర్డు మీద పెద్ద సున్నా పడుతుంది. మ్యాథ్స్ టీచర్‌కి సున్నా ఎందుకు చెప్పండి.

అయితే మరి ఏం కావాలి? పెద్ద లైట్ కావాలి. పెద్ద అంటే వాట్స్‌లో కాదు, సైజులో. ఎండలో నీడ కత్తితో కోసినట్టుంటుంది, మబ్బు పడితే నీడే ఉండదు. సూర్యుడు అదే, మబ్బు వల్ల ఆకాశం మొత్తం లైట్ అయిపోయింది. ఉత్త బల్బు చిన్న సూర్యుడు లాంటిది. ముక్కు నీడ, కళ్ళజోడు నీడ, గడ్డం కింద నీడ అన్నీ గీత గీసినట్టు పడతాయి. దాన్ని ఒక తెల్ల గుడ్డ మీద కొడితే ఆ గుడ్డ మొత్తం లైట్ అవుతుంది.

ఇది ఏదో యూట్యూబర్ కనిపెట్టిన హ్యాక్ కాదు. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ సినిమా అపరాజితోకి కెమెరామన్ సుబ్రతా మిత్ర. కాశీలోని ఒక ఇంటి లోపలి ముంగిలిని స్టూడియోలో సెట్ వేశారు. నిజం ముంగిలికి పైన ఆకాశం నుంచి మెత్తటి వెలుగు దిగుతుంది. స్టూడియో లైట్లు నేరుగా వేస్తే ఒక్కో మనిషికి నాలుగు నీడలు పడతాయి. ఆయన సెట్ పైన తెల్ల గుడ్డ పరిచి కట్టి, లైట్లన్నీ ఆ గుడ్డ మీదకి కొట్టించాడు. గుడ్డ ఆకాశం అయిపోయింది. మన సినిమా షూటింగ్‌లు చూసినవాళ్ళకి తెలుసు, ఇప్పటికీ లక్షల కెమెరా పక్కన ఒకతను థర్మకోల్ షీటు పట్టుకుని నిలబడి ఉంటాడు. అదే పని.

నల్లటి చర్మానికి ఈ పెద్ద లైట్ ఇంకా బాగా పనిచేస్తుంది. ముదురు రంగు చర్మం వెలుగుని తక్కువగా వెదజల్లుతుంది, కానీ దాని మీద మెరుపు ఉంటుంది. చిన్న బల్బు వేస్తే నుదురు మీద, ముక్కు మీద చుక్కల్లా మెరిసి మిగతాది చీకటి. పక్క నుంచి పెద్ద వెలుగు వేస్తే చెంప పొడుగునా ఆ మెరుపు పరుచుకుంటుంది, మొహం ఆకారం తెలుస్తుంది. వాట్స్ పెంచడం కాదు, సైజు పెంచి పక్కకి తేవడం.

ఇక కొన్నది. ఊళ్ళో ఎలక్ట్రికల్ షాపులో 20 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, 260 చొప్పున 520. ఒక్కోటి సుమారు 2000 ల్యూమెన్లు ఇస్తుంది. హోల్డర్లు, వైరు, ప్లగ్గులు కలిపి 150. పుస్తకాల షాపులో థర్మకోల్ షీట్లు రెండు, 100. బాబాయ్ తెల్ల పంచె ఫ్రీ. జరీ అంచు ఉన్న వైపు మడిచేశాం.

షాపులో ఒక పని తప్పకుండా చెయ్యండి. బల్బు వెలిగించి చూపిస్తారు కదా, అప్పుడు ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి రెండు సెకన్లు రికార్డ్ చెయ్యండి. మన కరెంటు 50 హెర్ట్జ్. డ్రైవర్ సరిగ్గా లేని బల్బు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలీదు, స్లో మోషన్‌లో టపటపా కొట్టుకుంటూ కనిపిస్తుంది. షాపాయన నన్ను అనుమానంగా చూశాడు, మూడో బ్రాండ్ దాకా వెళ్ళాక ఆయనే ఉత్సాహంగా ఇంకో డబ్బా తీశాడు. ఆల్రెడీ మినికే బల్బులే ఉన్నాయి, వీడియోలో అడ్డ చారలు పాకుతున్నాయి అంటే, షటర్ స్పీడ్ 50లో ఒక వంతుకో 100లో ఒక వంతుకో పెట్టండి. మీ ఫోన్ కెమెరాలో ఆ ఆప్షన్ లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఫ్రీ, అందులో ఉంటుంది. అమెరికా నుంచి చూసేవాళ్ళకి అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మీరు 60 లేదా 120 పెట్టుకోండి.

బల్బు డబ్బా మీద రంగు కూడా చూసుకోండి. 6500 కెల్విన్ అంటే తెల్లగా నీలం వైపు, 3000 అంటే పసుపు. ఏదైనా పర్లేదు, కానీ అన్నీ ఒకటే ఉండాలి. పసుపు బల్బూ తెల్ల ట్యూబూ కలిపితే సగం మొహానికి పచ్చకామెర్లు వచ్చినట్టుంటుంది. సీఆర్ఐ అని ఇంకో నంబర్ ఉంటుంది, మామూలు బల్బుల్లో 80, దొరికితే 90 పైన తీసుకోండి, చర్మంలో ఎరుపు బాగా వస్తుంది. మాకు దొరకలేదు.

సెటప్. గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకి బట్టలు ఆరేసే తాడు కట్టాం. దాని మీద పంచె వేలాడదీశాం, ఒకటే పొర, మడత వేస్తే సగం వెలుగు అదే తాగేస్తుంది. పంచె వెనక అడుగున్నర దూరంలో రెండు బల్బులు, చెల్లి కళ్ళ కంటే కొంచెం ఎత్తులో. బల్బులు గుడ్డకి తగలకూడదు, ఎల్‌ఈడీ అయినా మెడ దగ్గర వేడెక్కుతుంది. పెళ్ళిళ్ళ వీడియోలకి వాడే హాలోజన్ ఫోకస్ లైటు మాత్రం పంచె దగ్గరికి తేవద్దు, అంటుకుంటుంది. వైర్లు టేపు చుట్టి అతుకులు పెట్టొద్దు, హోల్డర్‌కి ప్లగ్ షాపులోనే బిగించమనండి.

పంచె చెల్లికి ఎడమ చేతి వైపు, ఎదురుగా కాకుండా ఓ 45 డిగ్రీల్లో, మూడడుగుల దూరంలో. కుడి వైపు థర్మకోల్ షీటు కుర్చీకి ఆనించి పెట్టాం, అటు నీడ మరీ చీకటి కాకుండా. పిన్ని వాళ్ళ గోడలు ఆకుపచ్చ. గోడకి దగ్గరగా నిలబడితే చెంప మీద ఆకుపచ్చ పడుతోంది, అదీ థర్మకోల్ అడ్డం పెట్టాకే పోయింది. పైన ట్యూబ్ లైట్ ఆపేశాం. "ఉన్న లైటు ఆర్పేస్తారేంట్రా" అంది పిన్ని. పై నుంచి పడే లైటు కళ్ళ కింద గుంటలు పెడుతుంది, పది రోజులు నిద్రలేనట్టు చూపిస్తుంది. దాన్ని ఆపడమే సగం లైటింగ్.

ఇప్పుడు అసలైన ట్రిక్. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివాం, దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. నేను బీటెక్ నాలుగేళ్ళూ దీన్ని ఎక్కడా వాడలేదు, ఆ రాత్రి తెనాలిలో వాడా. చెల్లి రోజూ బోర్డుకి ఆనుకుని నిలబడుతుంది. అంటే మొహానికీ బోర్డుకీ ఒకే వెలుగు, తెల్ల బోర్డే గెలుస్తుంది. తనని రెండడుగులు ముందుకి రమ్మన్నా. లైటు నుంచి మొహం మూడడుగులు, బోర్డు ఐదడుగులు. మూడు స్క్వేర్ తొమ్మిది, ఐదు స్క్వేర్ ఇరవై ఐదు. బోర్డు మీద పడేది మొహం మీద పడేదాంట్లో 36 శాతమే. పంచె పెద్దది కాబట్టి లెక్క ఇంత కచ్చితంగా రాదు, లైటు పక్క నుంచి వస్తోంది కూడా, కామెంట్లలో ఇంజనీర్లు కొట్టొద్దు. కానీ స్క్రీన్ మీద తేడా చూడండి. బోర్డు తగ్గింది, మొహం లేచింది. కొత్త వాట్ ఒక్కటి కూడా పెట్టలేదు. రాసేటప్పుడు ఒకడుగు వెనక్కి వేస్తుంది, చెప్పేటప్పుడు ముందుకి వస్తుంది. ఎక్స్‌పోజర్ లాక్ ఉంది కాబట్టి కెమెరా కంగారు పడదు.

బోర్డు మీద తెల్ల మచ్చ, కళ్ళజోడులో మెరుపు, ఈ రెండూ ఒకే రూల్. క్యారమ్ బోర్డులో స్ట్రైకర్ ఏ కోణంలో తగిలితే అదే కోణంలో తిరిగొస్తుంది కదా, వెలుగూ అంతే. తిరిగొచ్చే దారిలో కెమెరా లేకుండా చూసుకోవాలి. లైటుని ఇంకాస్త పక్కకి, ఇంకాస్త పైకి జరిపితే మచ్చ ఫ్రేమ్ దాటిపోతుంది. కళ్ళజోడు కాడలు చెవుల మీద ఒక్క పిసరు పైకి లేపితే అద్దాలు కిందకి వంగుతాయి, మెరుపు పోతుంది. ఎవరికీ తెలీదు.

మేం మర్చిపోయింది ఫ్యాను. బల్బులు మొదట ఫ్యాను కంటే ఎత్తులో కట్టా. రెక్కలు తిరుగుతుంటే వెలుగు తెగి తెగి పడి, డిస్కో లాగా అయింది. ఆపితే తెనాలి ఉక్కకి ఐదు నిమిషాల్లో నుదురంతా చెమట, ఆ చెమట మీద మళ్ళీ మెరుపు. బల్బులు కిందకి దించాం, ఫ్యాను వేశాం. మైక్ ఎపిసోడ్‌లో ఫ్యాను ఆపమన్నావ్ కదా అనకండి, కాలర్ మైక్ పెట్టి స్పీడు రెండులో ఉంచాం. కరెంటు పోతే? అరగంట పోయింది కూడా. ఇన్వర్టర్ బల్బులు, అదే లోపల బ్యాటరీ ఉండేవి, 9 వాట్లవి వస్తాయి. రెండు పెట్టుకుంటే పంచె దగ్గరికి జరిగి ఒక చిన్న వీడియో పూర్తి చేసుకోవచ్చు.

రాత్రి పదకొండుకి మొదటి వీడియో అయింది. ఫిల్టర్ లేదు. మొహం తనదే, రంగు తనదే, కళ్ళల్లో పంచె తెల్లటి కిటికీలా మెరుస్తోంది. పిన్ని ఫోన్ తీసుకుని చూసి, "బానే ఉంది కానీ, ఆ పాతదాంట్లో ఇంకాస్త తెల్లగా ఉండేదానివే, అది పెట్టొచ్చుగా" అంది. చెల్లి ఏమీ అనకుండా అప్‌లోడ్ నొక్కేసింది.

మూడు రోజుల తర్వాత ఫోన్ చేశా, కామెంట్లు ఏమొచ్చాయి అని. మొహం గురించి ఒక్కరూ ఏమీ అనలేదట. బోర్డు కుడి చివర చీకటిగా ఉంది, మూడో స్టెప్ కనపడట్లేదు మేడమ్ అని మాత్రం నలుగురు రాశారట. నిజమే, పంచె ఎడమ వైపు ఉంది కదా, ఆ చివరికి వెలుగు చేరేసరికి అయిపోతోంది. కుడి పక్క థర్మకోల్ వెనక ఇంకో 9 వాట్ల బల్బు, ఫ్రేమ్‌లోకి రాకుండా, బోర్డు వైపు తిప్పి పెట్టమన్నా. 100 రూపాయలు. అంటే మొత్తం 870 అయింది, టైటిల్ కార్డు మార్చాలి.